మాదిగింటి అరుగు

మా ఇంటికి అరుగు 1986 ఎండకాలంల వచ్చింది. ఇంటికి అరుగు వచ్చుడు కూడ ఒక చరిత్రేనా అని అడిగేటోళ్లుంటరు. వాళ్ల ఇండ్లకు ముత్తాతల నాటి నుంచి అరుగులుంటయి. అందుకే వాళ్లకు ఆ తేదీతోని పని పడలేదు. మాకు పడింది. మా గేరిల మా ఇంటి కంటె ముందు ఏ ఇంటికీ అరుగు లేదు.

మా జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1949ల 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చేసిండు. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నరు, ఏం కట్టిండ్రు, ఎట్ల బతికిండ్రు అన్నది చరిత్ర కావాలని ఆయన పట్టుబట్టిండు. ఆ మాట మీద నిలబడే నేను ఒక అరుగు చరిత్ర రాస్తున్న. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే పటేలు ఎవరో తెలిసిపోతది. ఆయన మనవండ్లు ఇప్పుడు నాతోని మంచిగనే మాట్లాడుతున్నరు.

మాది వనపర్తి నుంచి గద్వాల పోయే దిక్కు. మా జేజి పుట్టిల్లు నడిగడ్డ, అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమ, గద్వాల సీమ. మా అమ్మ పుట్టినూరు కొల్లాపురం దిక్కు కృష్ణ ఒడ్డు. 2016 అక్టోబర్ 11 దాక ఇవన్నీ ఒకటే పాలమూరు జిల్లా. ఆ రోజు నుంచి జేజిది గద్వాల జిల్లా, అమ్మది నాగర్‌కర్నూలు జిల్లా, మాది వనపర్తి జిల్లా అయినయి. ఒక్క పొయ్యి కాడ మూడు జిల్లాలోళ్లు బువ్వ తిన్నట్టు.

మాదిగ్గేరి ఊరికి దక్షిణాన ఉంటది. చిన్నప్పుడు అది ఊరికెనే అట్ల పడ్డదనుకున్న. అంబేడ్కర్ రాసింది చదివినంక తెలిసింది. అంటరానోళ్ల వాడలు దక్షిణం దిక్కే ఉండాలనే కట్టడి, పెంకుటిల్లు కట్టుకుంటే నేరం, హిందువు ముందర కుర్చీల కూసుంటే నేరం, శుభ్రమైన బట్ట కడితే నేరం అని ఆయన వరుసగా రాసుకుంట పోయిండు. ఆ వరుసల అరుగు మాట నాకు కనబడలేదు. అక్కర లేదు. పెంకునూ కుర్చీనీ కలిపితే అరుగే.

మా పాత ఇల్లు బోదకొట్టం. మట్టిగోడలు, మీద బోదగడ్డి. చూరు ఎంత కిందికి ఉండేదంటే లోపలికి పోవాలన్నా వంగాలె, బయటికి రావాలన్నా వంగాలె. ముందట వాకిలి అని చెప్పుకునే జాగల తాత లంద ఉండేది. తోళ్లు నానే వాసన. ఆ వాసన మా ఇంటి అడ్రసు. కొత్తోడెవడన్న వస్తే ఊరోళ్లు ముక్కు మీద వేలు పెట్టి దారి చూపేటోళ్లట.

పటేలు ఇంటి ముందర దర్వాజకు అటొకటి ఇటొకటి అరుగులు. నడుమెత్తు. మీద షాబాద్ బండలు, టేకు కంబాలు. రెడ్లు అరుగు మీద, కాపోళ్లు దాని అంచుకు, గొల్లోళ్లు, బోయోళ్లు మెట్ల మీద. మా తాత వాకిట్ల, దుబ్బల. తాత కుట్టిన చెప్పులు పటేలు అరుగు కింద విడిచి పైకెక్కుతడు. చెప్పులు విడిచిన జాగలనే చెప్పులు కుట్టినోడు నిలబడాలె. చాయ ఇస్తే చూరుకు చెక్కిన గిలాస తానే తీసుకోవాలె, కడిగి తానే అక్కడ చెక్కాలె. పంచాయితి ఏదైనా అరుగు మీదనే తెగుతది. అది కూసునే జాగ మాత్రమే కాదు. ఊర్లె ఎవనికి మాట ఉన్నదో, ఎవనికి లేదో చూపెట్టే మెట్లు.

మరి ఆ అరుగు కట్టిందెవరు? మా తాతనే. కట్టేనాడు మట్టి నానబెట్టి, గడ్డి కలిపి, రెండు రోజులు కాళ్లతోని తొక్కింది మా తాత, మా జేజి. తొక్కేటప్పుడు ఆ కాళ్లకు అంటు లేదు. గోడ ఆరినంక అంటు వచ్చింది. గద్వాల కోటను మట్టికోట అంటరు. సోమనాద్రి కట్టించిండని చదువుకున్నం. కవులను, పండితులను పిలిచి గౌరవించిన సంస్థానమని దానికి 'విద్వద్గద్వాల' అనే పేరు కూడ ఉంది. ఎవరెవరు అక్కడ శాలువాలు కప్పుకున్నరో పుస్తకాలల్ల ఉంది. అంత మట్టి తొక్కిన కాళ్లు ఎవరివో ఏ పుస్తకంలనూ లేదు. మా జేజి మాత్రం, 'మనోళ్లవి గాక ఎవరివిరా' అని తేల్చేది. ఆమెకు పుస్తకం సాక్ష్యం అక్కర లేదు.

పాలమూరు లేబరు సంగతి చదివేటోళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు. మేస్త్రి అడ్వాన్సు ఇస్తడు, గుంపు కడతడు, లారి ఎక్కిస్తడు. 1955 డిసెంబర్‌ల నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిండు. ఆ పనికి మా తాత పోయిండు, నాయిన చిన్న పిల్లగాడుగ తట్ట మోసిండు. 1963ల అదే నెహ్రూ శ్రీశైలానికి రాయి వేసిండు. ఆ పనికి నాయినా, అమ్మా ఇద్దరూ పోయిండ్రు. మా అక్క అక్కడి గుడిసెలనే పుట్టింది. కట్ట మీద తట్టలు మోసిన అమ్మకు, ఆ కట్ట లేస్తే తన పుట్టినూరు మునుగుతదని తెలియదు. తెలిసినంక కూడ మోసింది. అడ్వాన్సు తీరాలె కద.

1981 ఎండకాలం చివర శ్రీశైలం నీళ్లకు ఊర్లు ఖాళీ చేయించిండ్రు. ఆపరేషన్ డిమాలిషన్ అని దానికి పేరే పెట్టిండ్రు. పాలమూరు, కర్నూలు రెండు జిల్లాలల్ల కలిపి నూరుకు పైన ఊర్లు, లక్ష మంది దాక జనం. ఇండ్లు కూలగొట్టి మరీ లేపిండ్రు. అదే నీళ్ల కింద పడే పాత గుళ్లను మాత్రం రాయి రాయికి నంబరు వేసి విప్పి, మెరక మీదికి మోసి మళ్ల కట్టిండ్రు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అట్లనే ఆలంపురానికి వచ్చింది, జటప్రోలు గుళ్లు అట్లనే జరిగినయి. గుళ్లను కాపాడుడు తప్పని నేననను. ఆ రాళ్లు చెక్కింది కూడ ఎవరో చేతులే. కాని మా అమ్మ పుట్టింటి గోడకు ఎవరూ నంబరు వేయలేదు.

కూలిన ఊర్లె పెద్దోళ్లు దర్వాజలు, దూలాలు, తలుపులు బండ్లకెత్తుకొని పోయిండ్రు. బరువైన బండలు కొన్ని ఇడిసిపెట్టిండ్రు. మా మామలు రెండో రోజు పోయి, ఆ ఊరి కరణం ఇంటి అరుగు బండలు మూడు ఎద్దుల బండిల వేసిండ్రు. ఒకటి తొవ్వల పలిగింది. తమకే ఇంకా నిలువ నీడ లేదు గనుక మిగిలిన రెండింటిని తెచ్చి మా ఇంట్ల దించిపోయిండ్రు. వాళ్ల నాయిన కాలమంతా ఆ బండల కింది దుబ్బల నిలబడ్డోడు. ఎందుకు తెచ్చిండ్రో అప్పుడు ఎవరూ చెప్పలేదు. అయిదేండ్లు వాటి మీద అమ్మ బట్టలు ఉతికింది.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మాదిగలను తరిమి తరిమి చంపిండ్రు. ఆ వార్త, ఆ వెంట దళిత మహాసభ మాటలు మా గేరికి కరపత్రాలల్ల వచ్చినయి, బొంబాయి నుంచి మా చిన్నాయిన నోట కూడ వచ్చినయి. చిన్నాయిన బొంబాయిల బిల్డింగుల పని. అక్కడి చాళ్లల్ల అంబేడ్కర్ ఫోటోలకు దండలు వేసేటోళ్లను చూసి వచ్చిండు. 1986ల వస్తూ వస్తూ తొమ్మిది వందల రూపాయలు తెచ్చిండు. కొత్త చీరలు తెస్తడనుకున్నం. ఆయన బండల దిక్కు చూసి, 'వీటి మీద బట్టలెందుకు ఉతుకుతరు, మనుషులం కూసుందం' అన్నడు.

జీవితమంతా ఇతరుల గోడలకు తట్ట మోసిన నాయిన సొంతానికి రాయి పెట్టుడు అదే మొదలు. పునాదికి అడుగు లోతు తవ్విండ్రు. వడ్డెరోళ్ల కాడ రాయి తెచ్చి మట్టితోని కట్టిండ్రు. నడుమ మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతోని గుద్దిండ్రు. వానకు నీళ్లు నిలువకుండ బయటి దిక్కు వేలెడు వాటం ఇచ్చి బండలు పరిచిండ్రు. సందుల్ల సిమెంటు దర్జులు. చూరు కోసి, ముందర రెండు గుంజలు పాతి నాలుగు రేకులు కప్పిండ్రు. ఎత్తు కాడ ఇంట్ల లొల్లి అయింది. నాయిన మోకాళ్లెత్తు చాలన్నడు. చిన్నాయిన పటేలుది ఎంతుంటే అంత అన్నడు. అమ్మ నడుమల పడి, 'మోకాళ్ల మీద జానెడు' అని ఖరారు చేసింది. ఆ జానెడు ఇప్పటికీ ఉంది. కొలిచిన.

ఇగ అమ్మను పట్టుకోలేకపోయినం. గోడకు జాజు పూసింది, అంచుకు సున్నంతోని తెల్లగీత తీసింది. కడపకు పసుపు, అరుగు కింద ముగ్గు. లంద పూడ్చిన జాగల బంతి నారు పెట్టింది. పొద్దున్నే సాన్పి చల్లి, దూరం జరిగి నిలబడి ఇంటిని చూసుకునేది. పటేలు వాకిలి ఊడ్చి ఊడ్చి నడుము వంగిన మనిషి, తన వాకిలిని నిటారుగ నిలబడి చూసుకునుడు నేను అప్పుడే చూసిన. గేరి ఆడోళ్లు వచ్చి అరుగును చేతితోని తడిమి పోయేటోళ్లు. కూసోమంటే మాత్రం, 'వద్దక్కా, మల్లొస్తం' అనేటోళ్లు.

తాత కూసోలేదు. అరుగుకు వీపు ఆనించి కిందనే కూసుండేటోడు. ఎక్కమంటే, 'నాకు ఈడనే పాణం సల్లగుంటది' అనేటోడు.

అసలు పరీక్ష వానలు పడ్డంక వచ్చింది. ఆ కాలంల పటేలు చేనుకు మా గేరి పక్క తొవ్వనే పోతడు. పటేలు, పట్వారీ పదవులను 1984ల ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది. పదవి పోయింది గని పిలుపు పోలేదు, లేచి నిలబడుడు అసలే పోలేదు. ఆ పొద్దు మాపటీలి అమ్మ అరుగు మీద కూసుని చాటల జొన్నలు చెరుగుతున్నది. నాయిన గుంజకు ఆనుకొని బీడి తాగుతున్నడు. నేను తాత పక్కన. పటేలు వచ్చిండు. తాత లేచిండు. లేవాలని లేచిండని అనను. ఆయన మోకాళ్లే లేచినయి. నాయిన బీడి పడేసి సగం లేచి, లేచుడో కూసునుడో తెలువక అట్లనే వంగి ఉన్నడు. అమ్మ చాట ఆపలేదు.

'ఏమే, కండ్లు కనిపిస్తలేవా?'

'కనిపిస్తున్నయి పటేలా. కాళ్లే గుంజుతున్నయి. పొద్దుందాక నీ చేన్లనే కలుపు తీసిన.'

పటేలు ఏం అనలేదు. అరుగు దిక్కు చూసి, నాయిన దిక్కు చూసి పోయిండు. అమ్మ పొట్టు ఊదింది. ఆ రాత్రి ఇంట్ల పొయ్యి వెలిగింది గని ఎవరూ సరిగ తినలేదు.

1955 పౌరహక్కుల చట్టంల, అంటరానితనం పేరు మీద ఎవరినీ ఏ ఊర్లె గని ఇల్లు కట్టుకోకుండ, ఉండకుండ అడ్డుకోవద్దని ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం 1989ల గని రాలేదు. కాళ్లు గుంజుతున్నయని లేవకుంటే ఏమవుతదో ఎందులనూ రాసి లేదు. పటేలుకు కూడ తెలుసు. అందుకే లేవలేదనే మాట ఎక్కడా ఎత్తలేదు. నాలుగు రోజులకు పంచాయితి పెట్టించి, మా అరుగు బండ్ల బాటలకు వచ్చిందన్నడు. తాడు తెచ్చి కొలిచిండ్రు. రెండున్నర అడుగులు. నాయిన తలకాయ దించిండు. చిన్నాయిన ఆ తాడు అందుకొని, 'మంచిది. ఊరంత కొలువుండ్రి. పటేలు అరుగు కాడి నుంచి మొదలుపెట్టుండ్రి' అన్నడు. పటేలు అరుగు బాటలకు అయిదడుగులు. కొలువక ముందే అందరికీ తెలుసు. గొల్లోళ్లల్ల ఎవరో తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. తాడు చుట్టేసిండ్రు.

మేం గెలిచినమని రాస్తే కథ బాగుంటది. కాని ఆ యేడు మా గేరిల ఒక్కరిని కూడ కోతలకు పిలువలేదు. పక్క ఊరి నుంచి కూలోళ్లను తెచ్చుకున్నరు. దీపావళి దాక ఆగేటోళ్లు దసరకే మేస్త్రి లారి ఎక్కిండ్రు. ముసలోళ్లను, పిల్లలను ఇడిసి ఎక్కిండ్రు. మా పక్కింటి పెద్దమ్మ లారి ఎక్కుతూ, 'నీ అరుగు మా పొట్ట మీద ఏసినవు కదనే' అని అమ్మతోని అన్నది. అమ్మ దానికి జవాబు చెప్పలేదు. పెద్దమ్మ ఇంట్ల ఉన్న ముసలాయనకు ఆ ఆరు నెలలు బువ్వ పెట్టింది. ఆ పెద్దమ్మే తిరిగొచ్చినంక రెండో అరుగు వేసుకుంది. తర్వాత మూడేండ్లల్ల గేరిల ఆరు అరుగులైనయి. ఉద్యమం అంటే సభ, జెండ, ఉపన్యాసం అనుకునే మా చదువుకున్నోళ్లం ఆ పెద్దమ్మ మాటను కూడ లెక్కల పెట్టాలె.

కారంచేడు కరపత్రాలు మేం లాంతరు పెట్టి చదివింది ఆ అరుగు మీదనే. 1991ల అంబేడ్కర్ నూరేండ్ల పండుగ, అదే యేడు ఆగస్టు 6న చుండూరు. రెండింటికీ జనం కూడింది అక్కడనే. 1994 జూలైల ఈదుమూడిల దండోర మొదలైనంక మా గేరి పిల్లగాండ్లు పేరు ముందర ఉన్నదాన్ని దాచుకోకుండ వెనక కూడ తగిలించుకునుడు నేర్చుకున్నరు. ఆ మాటలూ అక్కడనే అయినయి. పటేలు అరుగు మీద ఆడోళ్లు కూసునుడు నేనెన్నడూ చూడలేదు, అది మొగోళ్లది. మాది మొదటి నుంచీ అమ్మది. మొగోళ్లం మీటింగు పెట్టుకుంటే అమ్మ చాట తెచ్చి నడుమ కూసుండేది.

అమెరికా నల్ల రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1937ల రాసిన 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' నవల మొదట్లనే ఇట్లాంటి ముచ్చట ఉంది. పగలంతా వేరేటోని కింద నోరు లేకుండ పని చేసినోళ్లు పొద్దు గూకినంక ఇంటి ముందటి అరుగుల మీద చేరి, మళ్ల నోరు తెచ్చుకొని, తొవ్వల పోయేటోళ్ల మీద తీర్పులు చెబుతరు. చదివినప్పుడు మా అమ్మ, పెద్దమ్మ కండ్ల ముందర మెదిలిండ్రు. తీర్పులు చెప్పుట్ల మా గేరి వాళ్లకేం తక్కువ కాదు.

నేను వనపర్తి పాలిటెక్నిక్‌ల సివిల్ డిప్లొమా చదివిన. 1959ల పెట్టిన ఆ కాలేజి వనపర్తి రాజుల పాత ప్యాలెస్‌ల నడుస్తది. ఒకప్పుడు మా తాత లాంటోడు దూరం నుంచి దండం పెట్టి పోవలసిన భవంతిల నేను డ్రాయింగు బోర్డు పెట్టుకొని 'ఫ్రంట్ ఎలివేషన్' గీసిన. పోర్టికో, ప్లింత్, స్టెప్స్. అరుగుకు ఇంగ్లీషుల ఇన్ని పేర్లున్నయని తెలిసింది. తర్వాత హైదరాబాదుల కాంట్రాక్టర్ల దగ్గర పని చేసిన. ఇంటి ఓనర్లు లోపలి గదులకు లెక్క చూస్తరు గని ముందట కనిపించేదానికి చూడరు. రాజస్థాన్ రాయి, ఇత్తడి గేటు, పూలకుండీలు. ఆ ముందటి అందం మోసేది మళ్ల మా పాలమూరోళ్లే. వాళ్ల రేకుల షెడ్డు వెనక, సెప్టిక్ ట్యాంకు పక్క.

ఊర్లె మా కొట్టం పోయి స్లాబు ఇల్లు 2007ల వచ్చింది, ఇందిరమ్మ పథకం కింద. బేస్‌మెంటుకు ఒక బిల్లు, గోడలకు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు. అరుగుకు బిల్లు లేదు. సర్కారు లెక్కల పేదోనికి పండుకునే జాగ కావాలె, వండుకునే జాగ కావాలె. ఎదురుంగ నలుగురు చూస్తుండంగ కూసునే జాగ ఇంటిల భాగం కాదు. 2024 మార్చిల మళ్ల అదే పేరు మీద అయిదు లక్షల పథకం మొదలైంది, ఇప్పుడూ మావోళ్లు అరుగు తమ పైసలతోనే వేసుకుంటున్నరు. అప్పు చేసి మరీ వేసుకుంటున్నరు. ఇది దండగ ఖర్చు అని నాతోని అన్న ఆఫీసరుకు నేను మా అమ్మ జొన్నల చాట ముచ్చట చెప్పిన. విన్నడు, చాయ తాగిండు, పోయిండు.

కొత్త ఇంటికి కూడ అవే రెండు బండలు. నాయిన పోయి పదేండ్లాయె. తాత అంతకు ముందే 1993ల పోయిండు. శవాన్ని కడిగి, కొత్త బట్ట కప్పి, అరుగు మీద పండబెట్టినం. ఆయన ఆ అరుగు ఎక్కింది ఆ ఒక్కసారే.

పటేలు ఇంటి దర్వాజకు ఇప్పుడు తాళం. వాళ్లందరు హైదరాబాదు. అరుగు బండల సందుల్ల వేపమొక్క లేచింది. ఇగ మా గేరి తొవ్వకు మూడు సార్లు సిమెంటు రోడ్డు వేసిండ్రు. పాతది తవ్వకుండ దాని మీదనే కొత్తది. రోడ్డు లేచుకుంట లేచుకుంట వచ్చి మా అరుగు మోకాళ్ల కిందికి దిగింది. వాన పడితే నీళ్లు అంచుకు తగులుతున్నయి. పోయిన నెల మోరీ కడతమని కొలతలోళ్లు వచ్చి, అరుగు మీద ఎర్ర రంగుతోని గీత గీసి పోయిండ్రు. గీత సరిగ్గ కరణం బండ నడుమ నుంచి పోయింది.

అమ్మ ఫోను చేసి, 'నువ్వే ఇంజినీరువు గద, వచ్చి కొలువు, ఎంత పోతదో' అన్నది. పోయి టేపు పెట్టిన. అడుగున్నర. మోరీ అందరికీ కావల్సిందే, నీళ్లు పెద్దమ్మ ఇంట్లకు కూడ వస్తున్నయి, కాదనలేను. ఆ మాటే చెప్పిన. అమ్మ గీత మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు ఊకుంది.

'పోతే పోనీ. బండను మాత్రం పలగ్గొట్టొద్దను. లేపి వెనుకకు జరపాలె. ఎత్తు ఎంతుండాల్నో నేను చెప్త.'